పెద్దనాయిన క్యాసెట్లు: టేపు నుంచి కంప్యూటర్‌కు, అక్కడి నుంచి మళ్లీ టేపుకు

శివరాత్రి తర్వాత

రేకు పెట్టెలో నలభై దాకా క్యాసెట్లున్నాయి. ఎక్కువ భాగం టీ-సిరీస్ ఖాళీ క్యాసెట్లు, కొన్ని సోనీ, ఒకటి రెండు టీడీకే. మిగిలినవి దుకాణంలో కొన్న పాటల క్యాసెట్లు. మీద రికార్డు పడకుండా వాటి పై అంచున విరిచేసి ఉన్న చెవులకు ప్లాస్టర్ అంటించి, మీదనే మళ్లీ రికార్డు చేశారు. చిరుతల రామాయణం (చేతుల్లో చిరుతల చెక్కలు వాయిస్తూ ఆడే ఆట), శనివారం భజనలు, నాట్లప్పుడు మా నానమ్మ వాళ్లు పాడిన పాటలు, పెళ్లి అప్పగింతలు. అట్టల మీద నీలం సిరాతో మా పెద్దనాయిన చేతిరాత: "లంకా దహనం, బి వైపు, సగం దాకా".

దేవరకొండ వైపు మా ఊళ్లో ఆట కట్టినప్పుడల్లా హార్మోనియం ఆయనదే. హార్మోనియం పక్కనే టూ ఇన్ వన్ (రేడియో, టేప్ రికార్డరు కలిసిన డబ్బా) పెట్టి రికార్డు బటన్ నొక్కి కూర్చునేవారు. ఆయన పోయాక పెట్టె సజ్జ మీదనే ఉండిపోయింది. ఇప్పుడు పెద్దమ్మ దాన్ని నాకు అప్పజెప్పి ఒక షరతు పెట్టింది: "కంప్యూటర్ల ఎక్కించుకో బిడ్డా, మంచిదే. నాకు మాత్రం క్యాసెట్లనే ఇయ్యాలె. ఫోన్ల ఒత్తుడు నాకు రాదు."

కాబట్టి పని రెండు వైపులా ఉంది. ఉన్నది కంప్యూటర్లోకి తీయాలి, తీసినదాన్ని కొత్త క్యాసెట్లోకి దించాలి. చేసినవన్నీ ఇక్కడ రాసుకుంటూ పోతాను. మన జిల్లాల్లో ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఎవరైనా మొదలుపెడితే ఇది చేతికి అందాలి.

ముందు కళ్లతో చూడడం

ఏ క్యాసెట్‌నూ నేరుగా ప్లేయర్లో పెట్టలేదు. నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద, అందులోనూ రేకు పెట్టెలో, ఎన్ని ఎండాకాలాలు గడిపాయో ఇవి. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాను. టేపు చుట్ట అంచు నున్నగా ఉందా, తెల్లటి బూజు మచ్చలున్నాయా, డబ్బా వంకర పోయిందా, ముందు భాగంలో రాగి రంగు స్ప్రింగు మీద ఉండే చిన్న ఉన్ని ముక్క ఉందా లేదా అని.

ఆ ఉన్ని ముక్క గోరులో సగం కూడా ఉండదు గానీ టేపును చదివే హెడ్డుకు దాన్ని ఆనించి ఉంచేది అదే. దాని జిగురు ఎండిపోయి రాలిపోతే పాట మసకబారి, వస్తూ పోతూ ఉంటుంది. వినేవాళ్లు టేపు చెడిపోయిందని పారేస్తారు. పెట్టెలో అలాంటివి అరడజను పైనే ఉన్నాయి, వాటిని వేరే పెట్టాను. బూజు ఉన్నవాటిని జిప్ కవర్లలో వేసి ఇంకా దూరంగా పెట్టాను. బూజు ఒక క్యాసెట్ నుంచి హెడ్డుకు, హెడ్డు నుంచి మిగతా క్యాసెట్లకు ఎక్కుతుంది.

అట్టలన్నిటికీ రెండు వైపులా ఫొటోలు తీశాను. నీలం సిరా ఇప్పటికే వెలిసిపోతోంది.

డెక్కు

మూడు దారులున్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ వాక్‌మన్ లాంటి పరికరం, పాత టూ ఇన్ వన్, లేదా ఆంప్లిఫయర్‌కు తగిలించే పెద్ద క్యాసెట్ డెక్కు. మొదటిది తక్కువ ధర, కానీ అందులో మోటారు, చక్రం చాలా చిన్నవి. స్వరం సన్నగా వణుకుతుంది. హార్మోనియం సాగదీసిన చోట ఆ వణుకు చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జీవితంలో ఒక్కసారే చేసే పనికి అది వద్దనుకున్నాను.

హైదరాబాద్‌లో ఒక పరిచయస్తుడి ఇంట్లో పాత టెక్నిక్స్ డెక్కు మూలన పడి ఉంటే తెచ్చుకున్నాను. కరెంటు ఇస్తే లైటు వెలిగింది, చక్రం తిరగలేదు. మూత విప్పితే లోపల బెల్టు కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంది. పాత రబ్బరు బెల్టులకు వచ్చే మామూలు రోగమే ఇది. ముట్టుకుంటే వేలికి నల్లగా అంటి సబ్బుకు కూడా పోదు. మొబైల్ రిపేర్ షాపువాళ్లు బోర్డులు కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, టూత్‌పిక్‌తో పుల్లీ గాడిలోంచి ఆ మడ్డినంతా గీకి తీశాను. గాడిలో పిసరంత మిగిలినా కొత్త బెల్టు ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, పాట అదురుతుంది.

నల్లగొండ ప్రకాశం బజార్‌లో పాత రేడియోలు బాగుచేసే పెద్దమనిషి దగ్గర బెల్టు దొరకలేదు. అయితే చుట్టుకొలత ఎలా తీయాలో ఆయనే చెప్పారు. పుల్లీల చుట్టూ దారం వేసి కొలిచి, అందులో ఐదారు శాతం తగ్గించి అడగమన్నారు. కోఠి గుజరాతీ గల్లీలో ఆ లెక్క చెబితే కట్ట తీసి ముందు పెట్టారు. పుల్లీ గాడి చదునుగా ఉంటే చదును బెల్టే కావాలి, చతురస్రపు బెల్టు పనికిరాదు.

తర్వాత శుభ్రం చేయడం. హెడ్డు, దాని పక్కన టేపును లాగే సన్న ఇనుప కడ్డీ, దానికి ఒత్తుకునే రబ్బరు రోలరు. ఈ మూడూ తుడిస్తే దూది గోధుమ రంగుకు వచ్చింది. అది ఎన్నో టేపుల నుంచి రాలిన ఇనుప ఆక్సైడు పొడి. రబ్బరు రోలరు మీద ఆల్కహాల్ ఎక్కువసేపు నిలవనివ్వకూడదు, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. ఇప్పుడు ప్రతి క్యాసెట్‌కూ మధ్య హెడ్డు తుడుస్తున్నాను. పాత టేపు ఒక వైపు ఆడేసరికే మళ్లీ పొడి పడుతోంది.

వైర్లు, కంప్యూటర్

ల్యాప్‌టాప్‌కు ఉన్న ఒకే ఒక రంధ్రం హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి ఉంటుంది. ఆ మైకు దారి ఒంటి చానలే, పైగా గొంతు కోసం చేసిన సన్న సిగ్నల్ దారి. డెక్కు లైన్ అవుట్ దానికి ఇస్తే గరగరమని పగిలిపోతుంది. అందుకే ఎరుపు, తెలుపు పిన్నులు నేరుగా పట్టే యూఎస్‌బీ డబ్బా ఒకటి కొన్నాను, బెహ్రింగర్ యూసీఏ202. ఇది 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకే తీసుకుంటుంది. ఆర్కైవుల వాళ్ల ప్రమాణం కనీసం 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్. నా లెక్క వేరు. మామూలు క్యాసెట్లో మెత్తటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య తేడా 60 డెసిబెల్స్ దాటడం అరుదు. 16 బిట్లకు 96 దాకా చోటుంది. లెవెల్ సరిగ్గా పెట్టుకుంటే పోయేదేమీ లేదు. డబ్బు మిగిలితే 24 బిట్ల డబ్బా కొనడం మంచిదే, కానీ దాని కోసం పని ఆపొద్దు.

సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ, ఉచితం. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో "ఎన్‌హాన్స్‌మెంట్లు" అన్నీ తీసేశాను. లేకపోతే అది తనంతట తానే శబ్దాన్ని సర్దుతుంది. టేపులో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు వెతికి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టాను. చిరుతల రామాయణంలో అది యుద్ధం దరువు దగ్గర వస్తుంది, మృదంగం, తాళాలు, గుంపు అరుపు అన్నీ ఒక్కసారిగా. మొదట్లో వచ్చే గణపతి ప్రార్థన చూసి లెవెల్ పెడితే ఆ యుద్ధంలో మీటరు ఎర్రబడుతుంది. అలా తెగిన శబ్దం మళ్లీ అతకదు.

గుయ్ మనే మోత ఒకటి వచ్చింది. ఛార్జర్ పీకితే పోయింది. ఇక రికార్డింగ్ అంతా బ్యాటరీ మీదే.

బుస్సుమనే చప్పుడు తగ్గించే డాల్బీ బటన్ ఆపి ఉంచాను, ఎందుకంటే పెద్దనాయిన టూ ఇన్ వన్‌లో డాల్బీ లేదు. డాల్బీ లేకుండా నింపిన టేపును డాల్బీ పెట్టి ఆడిస్తే తాళాల మెరుపంతా పోతుంది. టేపు రకం మీట నార్మల్ దగ్గరే ఉంచాను.

హెడ్డు పక్కనున్న స్క్రూ

ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ వేగంతో 10,000 హెర్ట్జ్ శబ్దంలో ఒక్క అల టేపు మీద ఆక్రమించే చోటు మిల్లీమీటరులో 210వ వంతు. హెడ్డు మధ్యలో ఉండే సన్నటి చీలిక టేపుకు సరిగ్గా అడ్డంగా నిలబడాలి. వెంట్రుక వాసి వాలినా పై అంచు ఒక అలను, కింది అంచు ఇంకో అలను చదువుతాయి, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గొంతు వినిపిస్తుంది, కానీ దుప్పటి కప్పినట్టు.

చిక్కేమిటంటే, రికార్డు చేసిన టూ ఇన్ వన్ హెడ్డే వాలి ఉంటే ఆ వాలు టేపులోకి ఎక్కి ఉంటుంది. సరిగ్గా ఉన్న నా డెక్కు ఆ టేపుకు తప్పు. కాబట్టి నా డెక్కును ఆ పాత యంత్రం ఎటు వాలిందో అటు వాల్చాలి.

హెడ్డుకు రెండు పక్కలా స్క్రూలుంటాయి. అందులో స్ప్రింగు ఉన్నది తిప్పేది. డెక్కు ముందు మూత తీసేసి, క్యాసెట్ ఆడుతుండగానే సన్న స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టులో పావు చుట్టు చొప్పున కదిపాను. హెడ్‌ఫోన్లో ఎడమ, కుడి చానళ్లను కలిపి ఒకటిగా వింటూ చేయాలి. ఇవన్నీ ఒంటి చానల్‌లో రికార్డయినవే గనుక, రెండు చానళ్లూ ఒకే పాట చదువుతున్నాయి. హెడ్డు వాలితే ఒకటి కొంచెం ముందు, ఒకటి కొంచెం వెనక పడి, కలిపి వింటే ఇంకా మసకగా ఉంటాయి. సరిపడిన చోట ఒక్కసారిగా తెర తొలగుతుంది.

నేను పట్టుకున్న గుర్తు చిరుతలు. ఆటగాళ్ల చేతుల్లో ఉండే ఆ చెక్కలకు చిన్న ఇత్తడి బిళ్లలుంటాయి. హెడ్డు కుదరనప్పుడు టకటకమని చెక్క చప్పుడు మాత్రమే వచ్చింది. స్క్రూ తిప్పుతూ పోతుంటే ఒకచోట చెక్క వెనక ఇత్తడి ఝల్లుమంది. ఇంకాస్త తిప్పితే మళ్లీ పోయింది. వెనక్కి తెచ్చి అక్కడ ఆపాను. అంతసేపూ ఎవరో ఒకరు పాడుతున్నారని మాత్రమే తెలిసిన చోట, పాడేవాళ్లు ఇద్దరని, అందులో ఒకరికి పంటి సందులో గాలి పోతుందని తెలిసింది.

ఈ మెరుపును కంప్యూటర్లో ఈక్వలైజర్ పెట్టి తేలేం. టేపు మీంచి చదవనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించదు, పెంచితే బుస్సుమనే చప్పుడే పెరుగుతుంది. అందుకే నా శ్రమలో ఎక్కువ పాలు డెక్కు దగ్గరే పెడుతున్నాను. ఒక్కో క్యాసెట్‌కు, కొన్నిసార్లు ఒక్కో వైపుకు, ఈ స్క్రూ మళ్లీ చూడాలి. తిప్పే ముందు స్క్రూ తల మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే మొదటి చోటుకు తిరిగి రావచ్చు.

ఏప్రిల్: వేగం సంగతి

రామాయణం క్యాసెట్లలో ఒక వింత ఉంది. వైపు మొదట్లో రాముడి వేషగాడి గొంతు నిండుగా ఉంటుంది. వైపు చివరికి వచ్చేసరికి సన్నబడి పిల్లవాడి గొంతులా అవుతుంది. ఆట కూడా హడావుడిగా నడుస్తుంది.

కారణం సెల్లులు. ఆ రోజుల్లో రాత్రిపూట కరెంటు మీద నమ్మకం లేక టూ ఇన్ వన్‌ను పెద్ద సెల్లుల మీదే నడిపేవారు. సెల్లులు నీరసించేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా నడిచిన టేపు మీద పడినదాన్ని ఈరోజు సరైన వేగంతో ఆడిస్తే పాట పరుగెత్తుతుంది. రికార్డు చేసినప్పుడు ఎవరికీ తెలియదు, వింటున్నప్పుడే తెలుస్తుంది.

ముందు నా డెక్కు వేగం సరిచూసుకోవాలి. 3,150 హెర్ట్జ్ మోత ఉన్న టెస్టు క్యాసెట్ ఆడించి, ఆడాసిటీలో ఏ హెర్ట్జ్ ఎంత ఉందో చూపే ప్లాట్ స్పెక్ట్రమ్ చూసి, మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉండే స్క్రూతో సరిచేశాను. ఇక టేపులో తేడా ఎంతో కొలవాలి.

కరెంటు మీద రికార్డయిన క్యాసెట్లయితే వెనక సన్నగా కరెంటు మోత ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఆ మోతను 50కి తెస్తే వేగం సరిపోతుందని చాలామంది చెబుతారు. మన దగ్గర, 90ల నాటి టేపులకు, ఇది నమ్మదగిన కొలత కాదు. అప్పట్లో దక్షిణ గ్రిడ్డు వేరుగా ఉండేది, కొరత వల్ల ఫ్రీక్వెన్సీ తరచూ 49 కన్నా కిందికి జారేది. దేశ గ్రిడ్డుతో అది కలిసింది 2013 డిసెంబర్ 31న, మన పాలమూరు పక్కనే ఉన్న రాయచూరు నుంచి షోలాపూర్‌కు వేసిన లైనుతో. 48.5ను 50 అనుకుని సరిచేస్తే 3 శాతం తప్పు వస్తుంది, అంటే శ్రుతిలో దాదాపు అర మెట్టు. పైగా సెల్లుల మీద రికార్డయిన వాటిలో ఆ మోతే ఉండదు.

నాకు దారి చూపింది పెద్దనాయిన హార్మోనియమే. అది ఇంకా ఊళ్లో ఉంది. బెలోస్‌కు ఒక మూల చినిగింది గానీ ఇత్తడి రీడ్లు పలుకుతున్నాయి. దాన్ని నల్లగొండ తెచ్చి, ఆయన ఎప్పుడూ పట్టే శ్రుతి మెట్టు నొక్కి, టేపు మొదట్లో ఉన్న శ్రుతితో కలిపి విన్నాను. రెండూ దగ్గర దగ్గరగా కలిశాయి. అదే వైపు చివర్లో శ్రుతి పక్క మెట్టు మీదకు ఎక్కి కూర్చుంది. ఒక మెట్టు అంటే దాదాపు 6 శాతం. ఇన్నేళ్లలో రీడ్లు కొంచెం మారి ఉండొచ్చు, అయినా ఒకే టేపులో మొదటికీ చివరికీ మధ్య తేడా కొలవడానికి అది అడ్డం కాదు.

సరిచేయడానికి ఆడాసిటీలో టైమ్ ట్రాక్ వాడాను. అది వేగాన్నీ శ్రుతినీ కలిపి మారుస్తుంది, మనకు కావలసింది అదే. "టెంపో" మార్చే ఎఫెక్ట్ ముట్టుకోవద్దు, అది శ్రుతిని అలాగే ఉంచి కాలాన్ని మాత్రమే సాగదీస్తుంది. మొదట్లో 100, చివర్లో 94.4 పెట్టి గీత గీశాను. కానీ సెల్లులు గీత గీసినట్టు నీరసించవు. మధ్యలో ఆట ఆపి చాయ్ తాగినప్పుడు కాస్త తేరుకుంటాయి, మళ్లీ పడిపోతాయి. అందుకని హార్మోనియం ఒంటరిగా శ్రుతి పట్టిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టి కలుపుకుంటూ వచ్చాను. ఓపిక పరీక్షించే పని. కానీ ఆఖరి పద్యంలో రాముడి గొంతు మళ్లీ మగవాడి గొంతయింది.

చప్పుడు తీయాలా

నాయిస్ రిడక్షన్ ఎంత సులువంటే, వాడకుండా ఉండడమే కష్టం. ఖాళీ చోటు ఒకటి చూపిస్తే ఆ చప్పుడును మొత్తం టేపు నుంచి గీకేస్తుంది. దాంతోపాటు శ్వాస, తాళం తోక, చివరి అక్షరం కూడా పోతాయి. మిగిలేది నీళ్లలోంచి వస్తున్నట్టుండే గొంతు.

ఈ టేపుల్లో చప్పుడు కూడా ఆ రాత్రిదే. టూ ఇన్ వన్‌లో ఉండే చిన్న మైకు వెనక లెవెల్‌ను తనే సర్దుకునే సర్క్యూటు ఉంటుంది. ఎవరూ పాడనప్పుడు అది చెవులు పెద్దవి చేసుకుంటుంది. దరువుకూ దరువుకూ మధ్య కీచురాళ్ల చప్పుడు నెమ్మదిగా పైకి లేస్తుంది, దూరంగా ఎక్కడో మోటారు ఇంజిన్, ఒక పసిపిల్ల ఏడుపు. మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే అన్నీ ఒక్కసారి కిందికి పోతాయి. దీన్ని నేను ముట్టుకోలేదు, ముట్టుకోను.

అసలు కాపీ ఎలా వచ్చిందో అలాగే, వేగం కూడా సరిచేయకుండా, ఫ్లాక్‌గా (శబ్దం ఏమీ పోకుండా కుదించే ఫైలు) దాచాను. సరిచేసింది పక్కన ఇంకో ఫైలు. రేపు నాకన్నా బాగా చేయగలవాళ్లు వస్తే మొదటిదాని నుంచి మొదలుపెట్టుకుంటారు. గంట క్యాసెట్‌కు కుదించని వావ్ ఫైలు 700 ఎంబీ లోపే, ఫ్లాక్ చేస్తే ఇంకా చాలా తగ్గుతుంది. ఎంపీత్రీ చుట్టాలకు వాట్సాప్‌లో పంపడానికే. రెండు హార్డ్ డిస్కులు తీసుకున్నాను, ఒకటి నా దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో.

మే: విప్పి వేరే డబ్బాలోకి

ఉన్ని ముక్క రాలినవాటి పని ఎండాకాలం సెలవుల్లో పట్టుకున్నాను. ఐదు స్క్రూల డబ్బాలయితే సులువు. జిగురుతో అతికిన డబ్బాలను అతుకు వెంట బ్లేడు పెట్టి నెమ్మదిగా విడదీయాలి. కొత్త ఇల్లుగా స్క్రూలున్న మంచి డబ్బా ఒకటి ముందే ఖాళీ చేసి పెట్టుకోవాలి.

ఫ్యాను ఆపాను. చెమట కారుతున్నా ఇది తప్పదు, గాలికి టేపు లేచిందంటే చిక్కు విప్పడం మన తరం కాదు. పాత డబ్బా పై సగం ఎత్తితే లోపల రెండు చక్రాలు, వాటి పైనా కిందా పల్చటి జారుడు కాగితాలు, రెండు మూలల్లో చిన్న రోలర్లు, ఉన్ని ముక్క వెనక ఒక రేకు. విప్పగానే ముందు ఫొటో తీశాను, టేపు ఏ రోలరుకు ఎటు నుంచి పోయిందో అదే చెబుతుంది. రెండు చక్రాలనూ రెండు వేళ్లతో ఒకేసారి ఎత్తి కొత్త డబ్బాలో దించి, టేపును మూలల మీదుగా తిప్పి, మూత పెట్టి, స్క్రూలు మరీ బిగించకుండా వేశాను. ఎక్కువ బిగిస్తే డబ్బా నొక్కుకుని చక్రం మొరాయిస్తుంది. తర్వాత నటరాజ్ పెన్సిల్ చక్రంలో పెట్టి నాలుగు చుట్లు తిప్పి చూశాను, బరువు లేకుండా తిరిగింది.

ఒకటి తెగి ఉంది. మామూలు సెల్లో టేపుతో అతికితే దాని జిగురు ఎండకు కరిగి పక్క చుట్లకు అంటుతుంది. క్యాసెట్ల కోసమే చేసిన సన్నటి స్ప్లైసింగ్ టేపు ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు కొనలనూ కలిపి ఏటవాలుగా కోసి, హెడ్డుకు తగలని వెనక వైపు అతికించాలి. అక్కడ ఒక అక్షరం పోయింది, పద్యం ఆగలేదు.

ఇప్పుడు వెనక్కి: పెద్దమ్మ క్యాసెట్

కొత్త మ్యాక్సెల్ యూఆర్ 60 నిమిషాల క్యాసెట్లు తెప్పించాను. 90 నిమిషాలవి కావాలని తీసుకోలేదు. వాటి టేపు పల్చన, దాదాపు 12 మైక్రాన్లు. 60 వాటిది 18 దాకా ఉంటుంది. పెద్దమ్మ ఒకే పాటను వెనక్కి తిప్పి తిప్పి వింటుంది, పల్చటి టేపు ఆ లాగుడుకు సాగుతుంది.

ఒక్కో వైపుకు 29 నిమిషాలు దాటకుండా, పద్యం మధ్యలో తెగకుండా వరుస కట్టుకున్నాను. క్యాసెట్ మొదట్లో పాట పట్టని తెల్లటి తోక కొన్ని సెకన్లు ఉంటుంది, దాన్ని దాటించి రికార్డు నొక్కాలి. ఫోన్ దూరంగా పెట్టి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి, అన్ని నోటిఫికేషన్ శబ్దాలూ తీసేశాను. సీతమ్మ శోకంలో టింగ్ మని మోగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. డెక్కు లెవెల్ మీటరు సున్నా దగ్గర ఆడేలా, దరువు దెబ్బలు మాత్రం కాస్త పైకి పోయేలా పెట్టాను. టేపుకు లెవెల్ తక్కువిస్తే బుస్సుమంటుంది, ఎక్కువిస్తే గొంతు చిరుగుతుంది. కంప్యూటర్లోకి తీసేటప్పుడు చోటు వదలాలి, టేపులోకి దించేటప్పుడు నిండుగా నింపాలి.

ఊరికి తీసుకుపోయి పెద్దమ్మ టూ ఇన్ వన్‌లో పెడితే మసకగానే వచ్చింది. అనుకున్నదే, దాని హెడ్డు వాలే ఉంది. ఈసారి క్యాసెట్ సరైనది కాబట్టి యంత్రాన్నే దానికి సరిచేశాను, అదే స్క్రూ, అవే చిరుతలు. హెడ్డు, రోలరు తుడిచి, బెల్టు కూడా మార్చాను.

రెండు పద్యాలు విని పెద్దమ్మ లేబుల్ తప్పన్నది. "ఇది లంకా దహనం గాదు బిడ్డా, వాలి వధ. గీ సుగ్రీవుని గొంతు మా మేనమామది. ఆయన వేసిన ఏడు ఇదొక్కటే." ఆట నడుస్తుండగా ఒక్కొక్కరి పేరూ చెబుతూ పోయింది, ఎవరి కొడుకు, ఏ ఇల్లు, ఏ వేషం అని. పుస్తకంలో ఎన్నో నిమిషంలో ఎవరు పాడారో రాసుకున్నాను. నల్లగొండ వచ్చాక ఆ వివరాలన్నీ ఫైలు పక్కన టెక్స్ట్ ఫైలుగా పెట్టాను. ఫైలు పేర్లలో ఊరు, ఘట్టం, వైపు ఉంటాయి. పాడినవాళ్ల ఇళ్లకు వాళ్ల వాళ్ల భాగం ఇవ్వాలని పెద్దమ్మే జాబితా చెప్పింది. ఎవరికి ఫోన్‌లో కావాలో, ఎవరికి క్యాసెట్ కావాలో కనుక్కుంటున్నాను.

మిగిలినవి

నాట్ల పాటలు ఇంకా తీయలేదు. అవి ఆరుబయట, గాలిలో రికార్డయినవి. ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి పాడతారు, శ్రుతికి హార్మోనియం ఉండదు. వేగం పట్టుకోవడానికి ఏం ఆసరా దొరుకుతుందో చూడాలి. ఒకదాని చివర పాట అయిపోయాక పాత రికార్డింగ్ మిగిలి, రేడియోలో ప్రాంతీయ వార్తల ముక్క వినిపిస్తోంది. ఆ టేపు అంతా ఒకే యంత్రంలో, ఒకే రకం సెల్లుల మీద రికార్డయి ఉంటే అదైనా పనికొస్తుందేమో.

బూజు పట్టినవాటిని నేను ముట్టుకోవడం లేదు. వాటికి వేరే పాత డెక్కు, మూతికి మాస్కు, ఎండ తగిలే వరండా కావాలి. వానలు మొదలైతే గాలిలో తేమకు బూజు పెరుగుతుంది కాబట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి డబ్బాలో మూసి పెట్టాను.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా బావ ఈ పని సంగతి విని ఒక క్యాసెట్ పంపాడు. వాళ్ల నాయిన బొంబాయిలో బిల్డింగు పనికి పోయిన కాలంలో ఇంటికి మాటలు నింపి పంపినది. 90 నిమిషాల సీ-90, టేపు ముడతలు పడి, ఉన్ని ముక్క లేదు, డబ్బా జిగురుతో అతికినది. ఒకవైపే మాటలున్నాయట, రెండో వైపు ఇంట్లోవాళ్లు తిరుగు జవాబు నింపి పంపాలనుకుని పంపలేదట. ఈ ఆదివారం దాన్ని విప్పుతున్నాను.